తిరుపతిలో ఎండ కాస్తే సముద్రం మీద గాలి లేనట్టేనా?

ప్రశ్న: మాది తిరుపతి. అత్తగారి ఊరు వాకాడు మండలంలో, సముద్రం ఒడ్డునే. బావమరిదికి సొంత ఫైబర్ బోటు ఉంది. పోయిన జులైలో ఊరికి వెళ్లినప్పుడు సముద్రం అద్దంలా ఉందని నన్నూ, మా ఆవిడనీ, ఏడేళ్ల మా బాబునీ బోటెక్కించాడు. పోయేటప్పుడు హాయిగా ఉంది. కానీ అరగంటలో పోయిన దూరం తిరిగి రావడానికి గంటన్నర పట్టింది. ఒకటే ఎదురుగాలి, నిలువెల్లా తడిసిపోయాం, మా ఆవిడకు వాంతులు. బాబు ఇప్పటికీ సముద్రం పేరెత్తితే ఏడుస్తాడు. ఈసారి కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికని రెండు కుటుంబాలవాళ్లం, మొత్తం పదకొండు మందిమి వెళ్తున్నాం. "ఏం కాదు బావా, ఒక రౌండు వేసొద్దాం" అంటున్నాడు బావమరిది. మామగారేమో "కార్తీకంలో గంగమ్మ ఒప్పుకోదు, పిల్లల్ని ఎక్కించొద్దు" అంటున్నారు. ఫోన్లో చూస్తే ఆ వారమంతా సూర్యుడి బొమ్మే ఉంది, గాలి 14 అని ఉంది. మామగారి మాట చాదస్తమా, నిజంగానే ప్రమాదమా? బోటెక్కొచ్చో లేదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?
- ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీరు ప్రయాణం ఏర్పాట్లలో ఉంటారు కాబట్టి అసలు జవాబు ముందే చెప్పేస్తాను. కార్తీక పౌర్ణమికి వెళ్లండి, ఒడ్డునే మోకాలి లోతులో స్నానం చేయండి, దీపాలు పెట్టుకోండి. బోటు మాత్రం ఎక్కకండి. మీ మామగారిది చాదస్తం కాదు. ఆయన గంగమ్మ పేరు పెట్టి చెప్పారు, నేను గాలి పేరు పెట్టి చెబుతాను, అంతే తేడా.

నేను పుట్టి పెరిగింది మీ అత్తగారి వాకాడు మండలంలోనే, దుగరాజపట్నం వైపు ఒక మత్స్యకారుల పాలెంలో. నాన్న, పెదనాన్న వేటకు పోయినవాళ్లే. తిరుపతి వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇక్కడ వాతావరణం అనగానే అందరూ అడిగేది ఒకటే, వాన పడుతుందా పడదా అని. కొండకు పోవాలన్నా అదే, పెళ్లికి షామియానా వేయాలన్నా అదే. పాలెంలో వాన గురించి అంతగా పట్టించుకోరు. ఎలాగూ తడిసేవాళ్లకు వానతో ఏం పని? తెల్లారకముందే లేచి అడిగే మాట "గాలి ఎటుంది?" అని. ఆ వెంటనే ఇంకోటి, "మళ్లుకునే యాళకి ఎట్టుంటాదో?" అని. మీరు అడిగినదానికి జవాబు మొత్తం ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. మీ ఫోన్లోని సూర్యుడి బొమ్మ ఈ రెంటిలో ఒక్కదానికి కూడా జవాబు చెప్పదు.

ముందు జులై సంగతి చూద్దాం. మీకు జరిగినదాంట్లో మీ బావమరిది తప్పు కొంత ఉంది గానీ, సముద్రం మాత్రం మిమ్మల్ని మోసం చేయలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వైపు పడమటి గాలి తోలుతుంది. అంటే నేల మీద నుంచి సముద్రం లోపలికి పోయే గాలి. (గాలికి పేరు అది వచ్చే దిక్కును బట్టి పెడతారు. పడమటి గాలి అంటే పడమటి నుంచి వచ్చేది. ఫోన్లో బాణం గుర్తు మాత్రం గాలి పోయే వైపు చూపిస్తుంది. చాలామంది ఇక్కడే తికమక పడతారు.) అల ఎంత లేస్తుందనేది గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, నీటి మీద అడ్డు లేకుండా ఎంత దూరం వచ్చింది అనే మూడింటిని బట్టి ఉంటుంది. ఒడ్డు దగ్గర పడమటి గాలి అప్పుడే నీళ్ల మీదికి దిగుతుంది, దానికి పరుగుతీసే చోటే ఉండదు. అందుకే మీకు అద్దంలా కనిపించింది. నాలుగైదు కిలోమీటర్లు లోపలికి పోయేసరికి అదే గాలికి అల లేస్తుంది. పైగా ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు ఆ అలల వీపులే కనిపిస్తాయి. నురగ కక్కే ముఖాలు అవతలి వైపు ఉంటాయి.

ఇక ఎదురుగాలి లెక్క. మీ బోటు గంటకు 12 కిలోమీటర్లు పోతోంది, గాలి 25 ఉంది అనుకుందాం. గాలి వెంట పోతున్నప్పుడు మీకు తగిలేది 13 మాత్రమే, అది కూడా వీపు వైపు నుంచి. అందుకే హాయిగా ఉంది. బోటు వెనక్కి తిప్పగానే ఆ 25కు మీ 12 కలిసి 37 అయి ముఖాన కొడుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. ఆ లెక్కన 13కూ 37కూ మధ్య తేడా దాదాపు ఎనిమిదింతలు. గాలిలో మార్పేమీ లేదు, మీరు తిరిగారు, అంతే. రేణిగుంట రోడ్డు మీద బైకుపై వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. కాకపోతే అక్కడ మరీ ఇబ్బందైతే బండి పక్కన ఆపుకోవచ్చు.

మీరు తడిసి బయటపడ్డారు. పడమటి గాలిలో అసలు భయం తడవడం గురించి కాదు. ఇంజను ఆగిందంటే బోటు ఒడ్డుకు రాదు, లోపలికే పోతుంది. నా చిన్నప్పుడు ఒక ఆషాఢంలో మా పెదనాన్న కొడుకు, అతని స్నేహితుడు ఇద్దరూ కనుచూపు మేరలోనే కదా అని బోటు తీసుకుని పోయారు. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. ఇంజను ఫ్యాను దగ్గర పిన్ను విరిగింది. లంగరు వేస్తే తాడు చాల్లేదు, అడుగు అందలేదు. మా పెద్దమ్మ ఒడ్డున చేపలు ఎండబెడుతూ చూస్తూనే ఉంది. వాళ్లు లేచి నిలబడి చేతులు ఊపారు. పిల్లలు సరదాగా ఊపుతున్నారనుకుని ఆమె కూడా చెయ్యి ఊపింది. బోటు చిన్నదై, చిన్నదై, చుక్కయి కనపడకుండా పోయాక గానీ ఆమెకు అర్థం కాలేదు. మర్నాడు మధ్యాహ్నం వేరే ఊరి బోటువాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఇద్దరూ బతికారు. కానీ ఆ తర్వాత సముద్రం మీద నుంచి ఎవరు చెయ్యి ఊపినా పెద్దమ్మ తిరిగి ఊపేది కాదు. లేచి నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది.

కార్తీకానికి ఇదంతా తిరగబడుతుంది. అక్టోబరు రెండో సగం నుంచి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. గాలి ఇప్పుడు సముద్రం మీద నుంచి నేల మీదికి తోలుతుంది. వందల కిలోమీటర్లు అడ్డూ ఆపూ లేకుండా బంగాళాఖాతం మీద పరుగెత్తి వచ్చిన గాలి అది. దాంతో వచ్చే అలలన్నీ మన ఒడ్డునే విరుగుతాయి. ఇంజను ఆగినా బోటు ఒడ్డుకే కొట్టుకొస్తుంది కదా, మంచిదేగా అని మీ బావమరిది అనొచ్చు. ఎలా కొట్టుకొస్తుందో చూడాలి. అక్కడ హార్బరు లేదు. బోటును ఇసుక మీద నుంచి నెట్టి, విరిగే కెరటాల్ని దాటించి పోవాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఆ కెరటాల మధ్య నుంచే రావాలి. ముక్కు కెరటానికి నేరుగా ఉన్నంతసేపు బోటు ఎక్కి దిగుతుంది. ఒక్కసారి అడ్డం తిరిగిందంటే తర్వాతి కెరటం దాన్ని తిరగేస్తుంది. అది జరిగేది నడిసముద్రంలో కాదు. ఒడ్డున ఉన్న మీ అత్తగారు చూస్తుండగా, కేకేస్తే వినపడే దూరంలో జరుగుతుంది.

పైగా పౌర్ణమి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు (నీళ్లు ఎక్కడం) ఎక్కువ, పాటూ (నీళ్లు దిగడం) ఎక్కువ. మన తీరంలో ఆ రోజుల్లో నీటి మట్టం మీటరుకు కాస్త అటూఇటుగా లేచి దిగుతుంది. గుజరాత్ వైపుతో పోలిస్తే ఇది చాలా తక్కువే. కానీ ఏటి మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఆ మీటరే పెద్ద తేడా చూపిస్తుంది. మన తిరుపతి పక్క నుంచి పోయే స్వర్ణముఖి మీ అత్తగారి ఊరి వైపే సముద్రంలో కలుస్తుంది. మన కొండల్లో వానలు పడితే ఆ నీళ్లన్నీ ఆ మొగ గుండా బయటికి తోసుకొస్తాయి. పాటు సమయంలో నీళ్లు బయటికి పోతుంటే, ఎదురుగా ఈశాన్యం గాలి అల లోపలికి వస్తుంటుంది. రెండూ ఢీకొన్నచోట అల నిట్టనిలువుగా లేచి అక్కడికక్కడే విరుగుతుంది. పదినిమిషాల ముందు చక్కగా దాటిన మొగే వచ్చేటప్పుడు దాటనివ్వదు. పోటు నుంచి పాటుకు ఆరు గంటల చిల్లర పడుతుంది, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న ఈ టైముకు బాగుందంటే ఈ రోజు కూడా బాగుంటుందని కాదు.

ఇక అల్పపీడనాలు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మన తీరానికి తుఫాన్ల కాలం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మా పాలెంలో పెద్దవాళ్లందరికీ గుర్తే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన తీరం వెంబడే పైకి పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. "వాయుగుండమేగా, తుఫాను కాదుగా" అని తేలిగ్గా అనేవాళ్లు 2021 నవంబరు గుర్తు చేసుకోవాలి. తిరుపతి వీధుల్లో నీళ్లు నిలువెత్తున పారిన ఆ వారం మద్రాసు, పాండిచ్చేరి మధ్య దాటింది వాయుగుండమే, తుఫాను కాదు. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపుంటే అల్పపీడనం, 31 నుంచి 49 అయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితేనే తుఫాను అని పేరు పెడతారు. ఈ లెక్క అందరికీ పనికొచ్చేదే, కానీ పదకొండు మంది కూర్చున్న ఫైబర్ బోటుకు వాయుగుండం గాలి చాలు.

టీవీలో చెప్పే "ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక" గురించి కూడా ఒక మాట. కృష్ణపట్నం లాంటి రేవుల్లో ఎగరేసే ఈ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఒకటి అంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఏర్పడింది, రేవుకు ఇంకా ముప్పు లేదు అని. మూడు అంటే రేవు దగ్గరే ఈదురుగాలులు రావొచ్చని. అవి పెద్ద ఓడలకు, రేవులకు పెట్టిన గుర్తులు. "ఒకటేగా" అనుకోవడం రేవులో ఉన్న ఓడకు సరిపోతుంది. మీరు వెతకాల్సింది నంబరు కాదు, "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అనే మాట. అది ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. అది లేనంత మాత్రాన వెళ్లొచ్చని కూడా కాదు. రోజూ సముద్రం మీద బతికేవాళ్లకు చెప్పే మాట అది, ఈత రాని మనకు కాదు.

నన్ను బాగా భయపెట్టేది ఇంకోటుంది. ఎక్కడో అండమాన్ వైపు వాయుగుండం తిరుగుతూ ఉంటుంది, ఇక్కడ ఆకు కదలదు, ఆకాశం నీలంగా ఉంటుంది. కానీ దాని అలలు గాలికంటే ముందే బయల్దేరి మన ఒడ్డుకు వచ్చేస్తాయి. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక కెరటం విరిగినప్పటి నుంచి తర్వాతిది విరిగేదాకా మనసులో సెకన్లు లెక్కపెట్టండి. ఇక్కడి గాలికి లేచిన అలైతే నాలుగైదు, మహా అయితే ఏడు. పన్నెండు, పదమూడు వస్తోందంటే ఆ అల చాలా దూరం నుంచి వచ్చింది. లోపల అది నున్నగా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి లేచి గోడలా పడుతుంది. అలాంటి రోజు బోటే కాదు, స్నానం కూడా ఒడ్డున కూర్చుని చెంబుతో చేయడమే మంచిది.

ఇప్పుడు మీ ఫోను. అందులో "తిరుపతి" అని ఉంటే అది తిరుపతి గాలే చెబుతుంది. మీ అత్తగారి ఊరు ఇక్కడికి నూరు కిలోమీటర్ల దూరం. ఇక్కడ శేషాచలం అడ్డు, ఇళ్లు అడ్డు, చెట్లు అడ్డు. సముద్రం మీద ఏ అడ్డూ లేదు. కాబట్టి ఊరి పేరు కొట్టకుండా మ్యాపులో వేలు పెట్టి సముద్రం మీద గుర్తు పెట్టుకోండి. విండీ లాంటి యాప్‌లో ఇది సులువు. తర్వాత ఆ 14 అనేది దేని లెక్కో చూడండి. గంటకు 14 కిలోమీటర్లైతే మెల్లని గాలి. నాట్లలో (ఓడలవాళ్లు వేగం చెప్పే లెక్క, ఇంగ్లీషులో knots) 14 అయితే దాదాపు 26 కిలోమీటర్లు, మీ జులై గాలి అదే. సెకనుకు మీటర్లలో 14 అయితే 50 కిలోమీటర్లు, అంటే తీవ్ర వాయుగుండం. ఒకే అంకె, మూడు సముద్రాలు. ఆ పక్కనే ఇంకో అంకె ఉంటుంది, ఉండుండి వచ్చే విసురుగాలి వేగం. మామూలు వేగం కంటే అదే ముఖ్యం. బోటును తిరగేసేది సగటు గాలి కాదు. ఇక వారం ముందు చూపించే గాలిని నేనైతే అసలు లెక్కలోకి తీసుకోను. ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు తెల్లవారుజామున ఒకసారి చూడండి. రోజు మొత్తానికి ఒక అంకె కాకుండా గంటగంటకూ చూడండి, ముఖ్యంగా మీరు తిరిగొచ్చే గంటకు.

అల సంగతి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ చెబుతుంది. సముద్రం లేని ఊళ్లో ఉండి సముద్రం సంగతి చెప్పే సంస్థ అది, 1999 నుంచి ఉంది. మన తీరానికి అల ఎత్తు, గాలి, ప్రవాహం ముందుగా చెబుతారు. చిన్న బోట్లు ఎక్కడ తిరగబడే అవకాశం ఉందో కూడా ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. అందులో అల ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే అన్ని అలలూ అంతే ఉంటాయని కాదు. అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు తీసి చెప్పే అంకె అది. వాటిలో అప్పుడప్పుడూ దాదాపు రెట్టింపు ఎత్తున ఒకటి వస్తుంది. నా సొంత లెక్క చెబుతాను, ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. పిల్లలతో అయితే అల మీటరు లోపు, గాలి గంటకు 15 కిలోమీటర్ల లోపు, విసురు 25 లోపు ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఒడ్డునే ఉండిపోతాను.

ఫోను చూశాక దాన్ని జేబులో పెట్టేసి ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చోండి. మా నాన్న బీడీ తాగుతున్నట్టు కూర్చునేవాడు గానీ ఆయన చూపంతా నీళ్ల మీదే. గంగమ్మ గుడి మీద జెండా ఎటు ఊగుతోంది, తెంపు లేకుండా ఊగుతోందా, ఉన్నట్టుండి లేస్తోందా? సరుగుడు తోట నుంచి వచ్చే చప్పుడు ఈల లాగా ఉందా, హోరు లాగా ఉందా? లోపల అలల మీద నురగ అక్కడొకటి ఇక్కడొకటి తెల్లగా మెరుస్తుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. ఎటు చూసినా కనిపిస్తుంటే 20 నుంచి 28. సముద్రమంతా తెల్లగా, తుంపర లేస్తుంటే 30 దాటింది. నురగను చూసి గాలిని కొలిచే ఈ పద్ధతి బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నావికాధికారి పేరుతో ఇప్పుడు వాడుతున్న పట్టికలోనూ ఉంది, చదువు రాని మా నాన్న కంట్లోనూ ఉంది. ఇంకోటి, ఊళ్లో మిగతా బోట్లు ఎక్కడున్నాయో చూడండి. అన్నీ ఇసుక మీద పైకి లాగి పెట్టుంటే ఇక మీ లెక్కలేవీ అక్కర్లేదు.

గాలి వీపుకు తగిలేలా నిలబడి ఎడమ చెయ్యి చాపితే, అల్పపీడనం సుమారుగా అటువైపు ఉంటుంది. కార్తీకంలో గాలి ఈశాన్యం వదిలి ఉత్తరానికి తిరిగి బలం పుంజుకుంటోందంటే మీ ఎడమ చెయ్యి తూర్పుకు, అంటే నడిసముద్రానికి చూపిస్తుంది. వాళ్లూ వీళ్లూ చెప్పకముందే అది మీకు తెలిసిపోతుంది.

ఎండాకాలంలో వెళ్లేవాళ్లకు మాత్రం మన కొండలే వార్త చెబుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా చాలా మధ్యాహ్నాలు మన శేషాచలం మీద, తలకోన వైపు మబ్బులు కాలీఫ్లవర్ పువ్వులా పైకి లేస్తాయి. పడమటి గాలి వాటిని సాయంత్రానికి, రాత్రికి తీరం మీదికి తోలుకుపోతుంది. తిరుపతిలో నాలుగింటికి ఉరిమిన మబ్బు రాత్రికి దుగరాజపట్నంలో బోట్లను తిరగేయడం నేను చూశాను. బోటులో ఉండగా పడమటి దిక్కు నల్లబడి, ఉక్కపోత మధ్యలో ఒక్కసారిగా చల్లగాలి తగిలిందంటే వాన ఇంకా రాలేదని సంతోషించకండి. మబ్బు కింద నుంచి జారిన గాలి వానకంటే ముందొస్తుంది, దెబ్బ కొట్టేది అదే. ఉరుము వినిపించిందంటే పిడుగు మీదాకా రాగలదు. నీళ్ల మీద అందరికంటే ఎత్తుగా ఉండేది మీరే. పిడుగుల సంగతికి దామిని యాప్ ఫోన్లో ఉంచుకోవడం మంచిది.

మీ బావమరిదికి ఈ మాటలు ఎలా చెప్పాలా అని మీకు టెన్షన్‌గా ఉంటుంది. అతను చెడ్డవాడు కాదు, బోటు నడపడం రానివాడూ కాదు. అతనికి అలవాటైన బోటులో నలుగురుంటారు. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు ఎటు ఒరగాలో ఆ నలుగురికీ తెలుసు. మన పదకొండు మంది అలా కాదు. ఒక్క తుంపర పడగానే అందరూ కేకలేస్తూ ఒకే పక్కకు ఒరుగుతారు. ఒకరు ఫోటో కోసం లేచి నిలబడతారు. 2011లో క్రిస్మస్ రోజున తమిళనాడు వైపు పులికాట్‌లో కుటుంబాలతో షికారుకు పోయిన బోటు మునిగి ఇరవై మందికి పైగా పోయారు. 2017 నవంబరు 12, అదీ కార్తీక ఆదివారమే, విజయవాడ దగ్గర కృష్ణలో అలాగే అయింది. వేటకు రాయించుకున్న బోటు జనాన్ని ఎక్కించుకునేది కాదు. ఈ మాట అతనికి నేరుగా చెప్పండి, నొచ్చుకున్నా ఫర్వాలేదు.

ఇక మీరు ఎప్పుడు వెళ్లొచ్చు అంటే, మాఘం, ఫాల్గుణం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన సముద్రం ఏడాది మొత్తం మీద మెత్తగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. పౌర్ణమికి కాకుండా అష్టమి, నవమి రోజుల్లో పోండి, పోటూ పాటూ తక్కువగా ఉంటాయి. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది కాబట్టి మెల్లని నేల గాలి సముద్రం వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరగబడి వస్తుంది. తెరచాపల రోజుల్లో మావాళ్లు చీకట్లో నేల గాలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలికి ఇంటికి చేరేవాళ్లు. మీరు ఆరున్నరకు ఎక్కి ఎనిమిదిన్నరకల్లా దిగిపోండి. ఒక్కోసారికి నలుగురు చాలు. లైఫ్ జాకెట్ అందరికీ ఉండాలి, కూర్చున్నచోట పెట్టుకోవడానికి కాదు, ఒంటి మీద, బెల్టులు బిగించి. బాబుకు పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది, వాడి బరువుకు తగ్గది తిరుపతిలోనే కొనుక్కుని తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు తిరిగొస్తారో మామగారికి చెప్పి ఎక్కండి. కోస్ట్ గార్డు నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093, ఆయన ఫోన్లో కూడా ఎక్కించండి, ఎందుకంటే లోపలికి పోయాక మీ ఫోన్లో సిగ్నల్ ఉంటుందో లేదో నమ్మకం లేదు. అంత దూరం ఎందుకనుకుంటే తడ దగ్గర భీమునివారిపాళెంలో పులికాట్ మీద బోటు షికారుంది. సరస్సు లోతు సగటున మీటరే. కానీ అక్కడ కూడా పొద్దున్నే పోండి. లోతు తక్కువైన నీళ్లలో గాలి లేస్తే చిన్న కెరటాలు ఒకదాని మీద ఒకటి దగ్గరదగ్గరగా వచ్చి బోటును కుదిపేస్తాయి.

బాబు గురించి చివరగా. వాణ్ని ఈ కార్తీకంలో నీళ్లలోకి లాగకండి, "ఏడవకు, మగపిల్లాడివి" అనకండి. వాడు భయపడింది నిజంగా భయపడాల్సినదానికే. పౌర్ణమి పొద్దున మామగారితో ఇసుక మీద లాగి పెట్టిన బోటులో కూర్చోనివ్వండి. జెండా ఎటు ఊగుతోందో, కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని అంకెలు వస్తున్నాయో ఆయనతో కలిసి లెక్కపెట్టమనండి. ఫిబ్రవరిలో "ఈ రోజు పోదామా, వద్దా?" అని ముందు వాణ్నే అడగండి.